కారుతున్న కుళాయి ఎవరి బాధ్యత?

రాత్రి భోజనాలు ముగిసి వంటగదిలో దీపం ఆర్పిన తరువాత కొన్ని ఇళ్ళలో ఒక శబ్దం మొదలవుతుంది. సింకులో నీటి చుక్క పడే శబ్దం. పగటి సందడిలో అది చెవిని చేరదు. రాత్రి మాత్రం ఇంటిల్లిపాదికీ వినిపిస్తుంది. గృహిణి భర్తకు చెప్పి ఊరుకుంటుంది. భర్త ప్లంబరుకు చెప్పి ఊరుకుంటాడు. ప్లంబరు రేపు వస్తానంటాడు. అద్దె ఇల్లయితే యజమాని పేరు, కంపెనీ క్వార్టరయితే కంపెనీ పేరు చెప్పుకోవడానికి ఉండనే ఉన్నాయి. ఇలా వారాలు గడిచిపోతాయి.

కొత్తగూడెంలో అద్దె ఇంట్లో నివసిస్తున్న ఒక సోదరి అడిగిన ప్రశ్నే ఈ నెల శీర్షికకు కారణం. ఆమె వంటింటి నల్లా రెండు నెలలుగా కారుతున్నది. ఇంటి యజమానికి ఎన్నిసార్లు చెప్పినా కదలిక లేదు. భర్త షిఫ్టు డ్యూటీలో ఉంటాడు. మగవారెవరూ ఇంట్లో లేని వేళ పరాయి పురుషుణ్ణి మరమ్మతు కోసం లోపలికి పిలవడం ఆమెకు ఇష్టం లేదు. కింద బకెట్ పెట్టి, అందులో చేరిన నీటితోనే వుజూ చేసుకుంటున్నది. ఆ వుజూ చెల్లుతుందా, వృథాగా పోయిన నీటి పాపం తన మీద ఉందా, యజమాని మీద ఉందా అన్నది ఆమె సందేహం. కొందరికి ఇది నవ్వు తెప్పించే ప్రశ్న కావచ్చు. ధర్మం గురించి మనం పెద్ద పెద్ద మాటలు చెప్పుకునే చోట ఒక ఇల్లాలు వంటగదిలో నిలబడి ఇంత సూక్ష్మంగా ఆలోచించడం నాకు మాత్రం ఎంతో గౌరవం కలిగించింది.

ముందు లెక్క చూద్దాం. సెకనుకు ఒక చుక్క చొప్పున కారే కుళాయి రోజుకు 86,400 చుక్కలు రాలుస్తుంది. చుక్క పరిమాణం అన్ని కుళాయిలకూ ఒకటే కాదు. సుమారు 4,000 చుక్కలు ఒక లీటరని అనుకుంటే రోజుకు 21 లీటర్లు దాటుతుంది. నెలకు దాదాపు 650 లీటర్లు, సంవత్సరానికి 7,800 లీటర్లకు పైమాటే. నమ్మకం కుదరనివారు ఇషా నమాజు తరువాత కుళాయి కింద ఒక ఖాళీ బిందె పెట్టి, ఫజ్రుకు లేచినప్పుడు చూసుకోవచ్చు.

ఈ లెక్కను మన ధర్మపు కొలతతో పోల్చి చూడండి. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసుకునేవారని, ఒక సా నుండి ఐదు ముద్ద్‌ల వరకు నీటితో గుస్ల్ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. ఇది బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోనూ ఉన్నది. హనఫీ విద్వాంసుల కొలతలో ఒక ముద్ద్ సుమారు ఒక లీటరు. తక్కిన ఇమాముల కొలతలో అంతకన్నా తక్కువే. అంటే మన వంటింట్లో ఒక్క రోజులో కారిపోయే నీటితో ఇరవై వుజూలు పూర్తవుతాయి. నలుగురున్న కుటుంబం ఐదు పూటలూ నమాజుకు సిద్ధం కావడానికి సరిపోయే నీరు అది.

హజ్రత్ సాద్ (రజి) వుజూ చేసుకుంటున్నప్పుడు దైవప్రవక్త (స) అటుగా వెళుతూ, ఈ దుబారా ఏమిటని ప్రశ్నించిన సంఘటన అందరికీ తెలిసినదే. వుజూలో కూడా దుబారా ఉంటుందా అని ఆయన ఆశ్చర్యపోగా, ప్రవహించే నది ఒడ్డున ఉన్నా ఉంటుందని ఆయన (స) బదులిచ్చారు. ఇది ఇబ్నె మాజా గ్రంథంలోని ఉల్లేఖనం. దీని ఉల్లేఖకుల పరంపర బలం విషయంలో హదీసు విద్వాంసులు అభ్యంతరాలు తెలిపారు. ఆ సంగతి దాచిపెట్టడం సబబు కాదు. అయితే తినండి, త్రాగండి, మితిమీరకండి అనే భావం దివ్య ఖుర్ఆన్ ఆరాఫ్ సూరాలోనే స్పష్టంగా ఉన్నందున మూలసూత్రానికి లోటేమీ లేదు.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. దుబారా అనేది మనిషి చేసే పని. కుళాయి తనంతట తాను కారితే మనిషిది దోషమెలా అవుతుంది? నిజమే. రాత్రి నిద్రలో ఉండగా వాషరు అరిగి కారిన నీటికి ఎవరూ బాధ్యులు కారు. తెలిసిన తరువాత, ఆపే శక్తి ఉండి కూడా వదిలివేసిన నాటి నుండి అది మన పని కిందకు వస్తుంది. ఆ సోదరి తెలుసుకున్నది, యజమానికి చెప్పింది, నీటిని వృథా కానీయకుండా పట్టి వాడుకున్నది. ఆమె మీద పాపమని ఎవరు అనగలరు?

బకెట్లో చేరిన ఆ నీటితో వుజూ నిస్సందేహంగా చెల్లుతుంది. ఒకసారి వుజూకు వాడిన నీటితో మళ్ళీ వుజూ చేయరాదన్న నియమం దీనికి వర్తించదు. ఇది ఎవరూ వాడని నీరు, కుళాయిలోని నీరే బకెట్లోకి వచ్చింది. అంట్లు కడిగేటప్పుడు సబ్బు నీటి తుంపర ఒకటి రెండు పడినా నీటి స్వభావం మారనంతవరకు ఫరవాలేదు. కానీ బకెట్ వంటి చిన్న పాత్రలోని నీటిలో అశుద్ధం కొంచెం పడినా ఆ నీరంతా అశుద్ధమే అవుతుంది కాబట్టి పాత్రను శుభ్రంగా, విడిగా ఉంచాలి. పాకే వయసు పిల్లలున్న ఇంట్లో నిండిన బకెట్‌ను నేల మీద వదలకండి. ఇది ఫిఖ్హ్ విషయం కాదు, ప్రాణం విషయం.

ఇక యజమాని సంగతి. అద్దె ఇంటి మరమ్మతు ఎవరిదన్న విషయంలో మన ఫుఖహాలు ఎంతో స్పష్టంగా మాట్లాడారు. ఉస్మానియా పాలనలో 1869 – 1876 మధ్య హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా 1,851 నిబంధనలతో ‘మజల్లా’ అనే న్యాయస్మృతి రూపొందింది. అద్దెకు తీసుకున్న వస్తువు నుండి పొందవలసిన ప్రయోజనానికి ఆటంకం కలిగించే లోపాలను సరిచేయించడం యజమాని బాధ్యత అని దాని 529వ నిబంధన సారాంశం. ఇంటి మరమ్మతుతో పాటు నీటి మార్గాలు, గొట్టాల మరమ్మతును కూడా అక్కడ ప్రత్యేకంగా పేర్కొన్నారు. యజమాని ఆ పని చేయకపోతే ఇల్లు ఖాళీ చేసే హక్కు అద్దెదారుకు ఉంటుంది. అయితే ఆ లోపాన్ని కళ్ళారా చూసి కూడా ఇల్లు తీసుకుని ఉంటే, దానికి సమ్మతించినట్లే.

మరొక ముఖ్యమైన సంగతి. యజమాని అనుమతి లేకుండా అద్దెదారు తన డబ్బుతో బాగు చేయించుకుంటే అది ఉపకారం కింద లెక్క. ఆ తరువాత ఆ మొత్తాన్ని అద్దెలో కోసుకునే హక్కు ఉండదు. ఇంటికి పనికివచ్చే మరమ్మతును అనుమతితో చేయిస్తే ఆ ఖర్చు రాబట్టుకోవచ్చు. కాబట్టి ఫోనులో ఒక మాట, వీలైతే వ్రాతపూర్వకంగా ఒక సందేశం పంపి సమ్మతి పొందడం ఉత్తమం. చిన్న చిన్న మరమ్మతులు అద్దెదారే చేసుకోవాలని ముందే ఒప్పందం కుదిరి ఉంటే ఆ షరతుకు కట్టుబడాలి. యజమానులైన సోదరులకు కూడా ఒక మాట. నెల మొదటి తేదీన అద్దె కోసం గుర్తుగా ఫోను చేసేవారు, నల్లా మాట ఎత్తగానే అందుబాటులో లేకుండా పోవడం ఏ వ్యాపార నీతికీ తగదు.

గొట్టం గోడలో కారితే విషయం మరింత తీవ్రమవుతుంది. పక్కింటి గోడ చెమ్మగిల్లుతుంది, కింది అంతస్తు వారి పైకప్పు పెచ్చులూడుతుంది. ఇతరులకు హాని తలపెట్టరాదన్న ప్రవక్త (స) బోధను ఫుఖహాలు ఒక మూలసూత్రంగా స్వీకరించి, ఇరుగుపొరుగు ఇళ్ళ వివాదాలను దాని ఆధారంగానే పరిష్కరించారు. అక్కడ జాప్యానికి తావే లేదు.

కంపెనీ క్వార్టర్లలో మరో ధోరణి కనిపిస్తుంది. నీటికి బిల్లు రాదు కాబట్టి ఆ నీటికి విలువ కూడా లేదన్నట్టు మసలుకోవడం. ‘కంపెనీ నీళ్ళే కదా’ అన్న మాట రుద్రంపూర్‌లోనూ వినవచ్చు, రామగుండంలోనూ వినవచ్చు. మన పట్టణానికి వచ్చే నీరు ఎక్కడిది? పాల్వంచ దగ్గర కిన్నెరసాని మీద కట్టిన జలాశయం నుండి థర్మల్ కేంద్రానికీ, ప్రజల దాహానికీ నీరు అందుతున్నది. పట్టణాలలో మనిషికి రోజుకు 135 లీటర్లు అందించాలన్నది మిషన్ భగీరథ ప్రమాణం. ఒక్క కారే కుళాయి అందులో దాదాపు ఆరో వంతును, అంటే ఒక మనిషి వాటాలో ఆరో భాగాన్ని, మురుగు కాలువలో కలుపుతుంది. పైపు చివరన ఉన్న బస్తీలో వేసవిలో బిందెలు వరుస పెట్టి నిలబడే స్త్రీ వాటా అది. బిల్లు రాని నీరు మన సొత్తు కాదు, మన చేతికి అందిన అమానతు.

ఇక్కడ నాకు ఎప్పుడూ వింతగా తోచే విషయం ఒకటుంది. బొగ్గుబాయిలో పనిచేసే మనిషికి నీటి సంగతి బోధించనక్కర లేదు. పైకప్పు నుండి కొత్తగా చుక్క రాలితే ఆగి చూస్తాడు, పై అధికారికి చెబుతాడు. పంపు ఆగితే పని చేసే చోటు మునిగిపోతుందని ఎరుగును. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయిన సంగతి బొగ్గు ప్రాంతం మరచిపోలేదు. భూగర్భంలో ఒక్క చుక్కను ఇంత జాగ్రత్తగా గమనించే మనిషి, ఇంటికి వచ్చి సింకులో రాలే చుక్కను నెలల తరబడి వింటూ ఎలా నిద్రపోతాడో అర్థం కాదు. మరోవైపు, బాయిల నుండి నిరంతరం నీటిని తోడివేయడం వల్ల చుట్టుపక్కల భూగర్భ జలం అడుగంటుతుంది. బావులు ఎండిన ఊళ్ళు మన కళ్ళ ముందే ఉన్నాయి. మీ నీరు భూమిలోకి ఇంకిపోతే ప్రవహించే నీటిని మీకు ఎవరు తెచ్చి ఇస్తారని ముల్క్ సూరా చివరి ఆయతులో అల్లాహ్ మానవులను ప్రశ్నిస్తాడు. రాత్రి పడుకునే ముందు ఆ సూరా పఠించే అలవాటు మనలో చాలామందికి ఉన్నది. సరిగ్గా ఆ సమయంలోనే కదా వంటగది నుండి చుక్క శబ్దం వినవచ్చేది!

క్వార్టరు కంపెనీ ఆస్తి కనుక గోడ పగలగొట్టి గొట్టాలు మార్చే పని మనం చేయరాదు, ఫిర్యాదు వ్రాయించాలి. వాషరు మార్చుకోవడం అటువంటి పని కాదు. అది ఎలా చేయాలో కొంచెం వివరంగా చెబుతాను. సెమినరీలో చదివినవాడికి పానా పట్టే పనేమిటని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి.

మొదట ఎక్కడ కారుతున్నదో చూడాలి. కట్టేసిన తరువాత కూడా మూతి నుండి చుక్కలు రాలితే లోపలి వాషరు అరిగిందని అర్థం. తిప్పినప్పుడు పిడి మొదట్లో నీరు ఊరితే స్పిండిల్ చుట్టూ ఉండే దారం లేదా రబ్బరు రింగు పోయిందన్నమాట. గోడలోకి వెళ్ళే చోట కారితే మరల దగ్గర చుట్టిన టెఫ్లాన్ టేపు చెడిపోయింది. పూర్వం అక్కడ జనపనార చుట్టి సఫేదా పూసేవారు. మూడింటికీ మందు వేరు.

పాత పద్ధతి కుళాయిని నాలుగైదు చుట్లు తిప్పవలసి ఉంటుంది. అందులో స్పిండిల్ కిందికి దిగి, చివరనున్న రబ్బరు వాషరును నీరు వచ్చే రంధ్రం మీద అదుముతుంది. ఏళ్ళ తరబడి అదమగా రబ్బరు గట్టిపడి, అంచు అరిగి, సందు ఏర్పడుతుంది. మనం చేసే పొరపాటు ఇక్కడే. కారుతున్నది కదా అని ఇంకా గట్టిగా బిగిస్తాం. రబ్బరు మరింత తెగుతుంది, చివరకు కింది ఇత్తడి అంచు కూడా పాడవుతుంది.

పని మొదలుపెట్టే ముందు ట్యాంకు నుండి వచ్చే గేటు వాల్వును లేదా సింకు కింది వాల్వును కట్టివేయాలి. తరువాత కుళాయి తెరిచి గొట్టంలో మిగిలిన నీటిని పోనివ్వాలి. సింకు రంధ్రంలో ఒక గుడ్డ కుక్కండి. చిన్న స్క్రూ అందులో పడిపోతే అరగంట పని అర రోజు అవుతుంది. పిడి మీది మూత తీసి, స్క్రూ విప్పి, పిడిని పైకి లాగాలి. దాని కింద ఉన్న ఆరుపలకల నట్టును పానాతో విప్పాలి. ఇలా విప్పేటప్పుడు రెండో చేత్తో కుళాయి ఒంటిని కదలకుండా గట్టిగా పట్టుకోవాలి. ఇదే అన్నింటికన్నా ముఖ్యమైన జాగ్రత్త. పట్టుకోకుండా బలం ఉపయోగిస్తే కుళాయితో పాటు గోడలోని గొట్టం తిరిగి, లోపలి అతుకు పగులుతుంది. అప్పుడు గోడ తవ్వక తప్పదు.

స్పిండిల్ బయటకు తీశాక దాని చివరన పాత వాషరు కనిపిస్తుంది. దానినే హార్డ్‌వేరు దుకాణానికి తీసుకువెళ్ళి అదే కొలతది అడగండి. ఇళ్ళలో సాధారణంగా అర అంగుళం కుళాయిలే ఉంటాయి. ధర టీ ఖర్చును మించదు. కొత్తది వేసే ముందు లోపలి ఇత్తడి అంచును వేలితో తడిమి చూడాలి. బోరు నీరు వాడే ఇళ్ళలో సున్నపు పొర పేరుకుంటుంది. నిమ్మరసంలో తడిపిన గుడ్డతో కొంతసేపు రుద్దితే అది వదులుతుంది. ఆ అంచు చెక్కుకుపోయి ఉంటే కొత్త వాషరు నిలవదు, కుళాయే మార్చాలి. విప్పిన క్రమానికి విరుద్ధంగా తిరిగి అమర్చి, వాల్వును నెమ్మదిగా తెరవండి.

కొత్త రకం కుళాయిలు పావు చుట్టుతోనే తెరుచుకుంటాయి. వాటిలో రబ్బరు వాషరు బదులు పింగాణీ పలకలున్న కాట్రిడ్జి ఉంటుంది. దానిని మొత్తంగా మార్చాలి. ఒక్కో కంపెనీది ఒక్కో రకం కనుక పాతది వెంట తీసుకువెళ్ళనిదే సరైనది దొరకదు.

గోడ దగ్గరి మరకు టేపు చుట్టేటప్పుడు బిగించే దిశలోనే చుట్టాలి. ఎదురు దిశలో చుడితే బిగిస్తుండగానే ఊడి వస్తుంది.

ఈ పని మగవాడిదా, ఆడవారిదా? దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగినప్పుడు, ఇంటివారి పనిలో ఉండేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. చెప్పులు తామే కుట్టుకునేవారని, బట్టలకు అతుకులు వేసుకునేవారని ఇతర ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి. భర్తలు ఈ సున్నత్‌ను గడ్డంతో పాటు గుర్తు పెట్టుకుంటే బాగుంటుంది. భార్య అంట్ల దగ్గర పడే అవస్థను చూస్తూ మొబైలులో ధర్మోపన్యాసం వినే సోదరుడు, ఆ ఉపన్యాసం ఆపి పానా పట్టడమే మేలు.

అలాగని స్త్రీలు నేర్చుకోకూడదని కాదు. రాత్రి షిఫ్టు భర్తలున్న ఇళ్ళు, భర్త గల్ఫులో ఉన్న ఇళ్ళు, వితంతువుల ఇళ్ళు మన మధ్య ఎన్నో ఉన్నాయి. మెహ్రం లేని వేళ ప్లంబరును పిలవాలా, నీరు కారనివ్వాలా అన్న సంకటం ఆ ఇళ్ళకు నిత్యం ఎదురవుతుంది. పర్దాను పాటించే ఇల్లాలికి ఒక పానా, ఒక స్క్రూడ్రైవరు, నాలుగు వాషర్లు ఎంతో స్వేచ్ఛనిస్తాయి. ఆడపిల్లకు కుట్టుపని నేర్పినట్టే ఇదీ నేర్పాలి. ప్లంబరును పిలవవలసి వస్తే పొరుగున ఉన్న పెద్దావిడనో, మహల్లాలోని బంధువునో తోడుగా ఉంచుకుని తలుపు తెరిచి ఉంచండి, అతని కూలి బేరమాడి తగ్గించకండి.

అరబ్బు ప్రాంతాలలో, ముఖ్యంగా ఈజిప్టులో, కుళాయిని నేటికీ ‘హనఫియ్యా’ అని పిలుస్తారు. మన మజ్‌హబు పేరు మీదుగా వచ్చిన మాట అది. ఇంత గొప్ప సంబంధం ఉన్నా మన మస్జిదుల వుజూఖానాలలో కనీసం ఒక కుళాయి కారకుండా ఉండదు. వక్ఫ్ నీటి విషయంలో మన ఫుఖహాలు మరింత కఠినంగా ఉన్నారు. సొంత నీటిని మితిమీరి వాడితే మక్రూహ్ అని, వుజూ చేసేవారి కోసం వక్ఫ్ చేసిన నీటిని, మదరసాల నీటితో సహా, అలా వాడితే హరామ్ అని ‘దుర్రుల్ ముఖ్తార్’ నిర్ణయం. జుమా నాడు చందా పెట్టె తిప్పే కమిటీ పెద్దలు నెలకొకసారి కుళాయిలన్నీ కట్టి, ఐదు నిమిషాలు నిలబడి చూస్తే తెలిసిపోతుంది.

ప్రశ్న అడిగిన సోదరికి చివరగా చెప్పేదేమిటంటే, మీ వుజూలు, నమాజులు అన్నీ సవ్యమే, వేటినీ తిరిగి చేయనక్కర లేదు. యజమానికి మరొకసారి సందేశం పంపి, వాషరు మేమే మార్చుకుంటాం, ఖర్చు అద్దెలో తగ్గిస్తామని అడగండి. ఒప్పుకుంటే ఆ సందేశాన్ని అట్టిపెట్టుకోండి. ఒప్పుకోకపోతే, ఉపకారంగా మార్చి వేయడానికి మీకు మనసుంటే దాని ప్రతిఫలం అల్లాహ్ వద్ద ఉన్నది, లేకపోతే బకెట్ పెట్టడంతో మీ బాధ్యత తీరింది. మీ వారికి సెలవు దొరికే రోజున ఇద్దరూ కలిసి ఈ పనికి కూర్చోండి. తీసిన పాత వాషరును పారేయకుండా డబ్బాలో వేసి ఉంచండి, మళ్ళీ కొనేటప్పుడు కొలతకు పనికివస్తుంది.